మట్టిలో గుడ్డు, నీళ్లలో నాలుగు నెలలు: టర్కోయిస్ కిల్లీఫిష్‌పై మీ ప్రశ్నలకు జవాబులు

టర్కోయిస్ కిల్లీఫిష్ మీద గత సంచికలో వేసిన చిన్న పరిచయం చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. వానకు నిండి ఎండిపోయే ఆఫ్రికా కుంటల్లో ఉండే చిన్న చేప అది. దాని శాస్త్రీయ నామం నోథోబ్రాంకియస్ ఫర్జెరి. మగది ఆరేడు సెంటీమీటర్లకు మించదు. ఒంటి మీద నీలి ఆకుపచ్చ మెరుపు, ప్రతి పొలుసుకూ ఎర్రటి అంచు ఉంటాయి. తోక ఎర్రగా ఉండవచ్చు, లేదా పసుపు మీద నల్లటి పట్టీతో ఉండవచ్చు. ఆడది మాత్రం లేత గోధుమరంగులో సాదాగా ఉంటుంది. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులు రాశాం. ఉత్తరాల్లో ఎక్కువ భాగం తొట్టె, ఫిల్టరు, లైటు గురించే అడిగారు. కానీ ఈ చేప పెంపకం నిలిచేదీ చెడేదీ గుడ్లను తడి పీట్‌లో (నాచు కుళ్లి ఏర్పడే పొట్టులాంటి మట్టిలో) దాచిన సంచి దగ్గరే. కాబట్టి ఎక్కువ చోటు గుడ్లకే ఇచ్చాం.

మా ఊళ్లో ఎండిపోయిన కుంట తొలకరికి నిండగానే చేపపిల్లలు కనిపిస్తాయి. మీరు రాసిన ఆఫ్రికా చేప కూడా అలాంటిదేనా? నీళ్లు లేకుండా మట్టిలో నెలల తరబడి ఎలా బతుకుతుంది?
— పాఠకుడు, ఆదోని

మీ కుంటలో కనిపించే చేపల సంగతి వేరు. వానకు వాగులూ కాలవలూ పొంగి కలిసినప్పుడు కొన్ని ఎదురీదుతూ వస్తాయి. కొర్రమీను, మార్పు చేప లాంటివి నేరుగా గాలి పీల్చగలవు కనుక తడి బురదలో కొంతకాలం ఓర్చుకుంటాయి. ఏటా చచ్చిపోయి, గుడ్డు రూపంలోనే కరువు కాలం దాటే కిల్లీఫిష్‌లు మన దేశంలో లేవు. అవి ప్రధానంగా ఆఫ్రికాలోనూ దక్షిణ అమెరికాలోనూ ఉన్నాయి.

ఫర్జెరి ఉండేది జింబాబ్వే ఆగ్నేయ మూలలో, దానికి ఆనుకుని ఉన్న దక్షిణ మొజాంబిక్‌లో. 1968లో రిచర్డ్ ఫర్జర్ గోనరెజౌ అభయారణ్యంలోని ఒక కుంటలో దీన్ని పట్టారు. 1971లో జబ్ అనే శాస్త్రవేత్త దీన్ని వర్ణించి, పట్టినవారి పేరే పెట్టారు. అక్కడి వానాకాలం సుమారుగా నవంబరు, డిసెంబరు నెలల్లో మొదలవుతుంది. పల్లంగా ఉన్న చోట నీళ్లు నిలిచి కుంట అవుతుంది. లోతు తక్కువ, నీరు మట్టి రంగు. మధ్యాహ్నం బాగా వేడెక్కి, తెల్లవారేసరికి చల్లబడుతుంది. కొన్ని కుంటలు కొన్ని వారాల్లోనే ఎండిపోతాయి, మరికొన్ని కొన్ని నెలలు ఉంటాయి. ఎండగానే అందులోని ప్రతి ఫర్జెరీ చచ్చిపోతుంది. మిగిలేవి గుడ్లు.

ఆ గుడ్లను కాపాడేది అడుగున ఉన్న మట్టి. కుంట ఉంటే చాలు ఈ చేప ఉంటుందని అనుకోకూడదు. అడుగున నల్లటి జిగట బంకమట్టి ఉన్న చోటే ఉంటుంది, ఇసుక నేల కుంటల్లో కనబడదు. తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు నెర్రెలిచ్చే నేల అది. మన నల్లరేగడి కూడా ఆ జాతి నేలే కనుక ఆదోని వాళ్లకు దాని గుణం విడమరిచి చెప్పక్కర్లేదు. పైన పెచ్చులుగా ఎండినా లోపల చెమ్మ పట్టి ఉంచుతుంది. కుంటలో నీళ్లు ఉన్నంతకాలం ఆ బురదలో ప్రాణవాయువు ఉండదు. అప్పుడు గుడ్డులోని కణాలు ఒక్కచోట చేరకుండా చెల్లాచెదురుగా ఆగిపోతాయి. ఇది మొదటి విరామం. నీరింకి నెర్రెలు పడగానే గాలి లోపలికి వెళుతుంది, పిండం పెరగడం మొదలవుతుంది. వెన్ను, తల, గుండె రూపుదిద్దుకున్నాక మళ్లీ ఆగుతుంది. ఎక్కువ కాలం నిద్ర పట్టేది ఈ రెండో విరామంలోనే. మూడోది పిల్ల పూర్తిగా తయారై, పెంకు లోపలే నీటి కోసం ఎదురుచూసే దశ.

అన్ని గుడ్లూ ఒకేసారి తయారుకాకపోవడం దీని బలం. తొలి వాన ఒక్కోసారి జానెడు నీరు తెచ్చి వారంలో ఆవిరైపోతుంది. అప్పుడు పుట్టిన పిల్లలన్నీ చస్తాయి. ఇంకా నిద్రలో ఉన్న గుడ్లు తర్వాతి వానకు అందుతాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే ఇంట్లో గుడ్లు ఎందుకు మొరాయిస్తాయో కింద సులువుగా అర్థమవుతుంది.

మా వరి పొలం కాలవలో తల మీద తెల్లని మెరిసే చుక్క ఉన్న చిన్న చేప నీటి పైభాగంలో తిరుగుతుంది. అదీ కిల్లీఫిషే అన్నారు. దాని గుడ్లు కూడా ఎండబెట్టి దాచవచ్చా?
— పాఠకురాలు, తెనాలి

అది ప్యాంచాక్స్, అప్లొకైలస్ ప్యాంచాక్స్. కిల్లీఫిషే, కానీ ఏటా చచ్చే రకం కాదు. నీటి మొక్కల వేళ్లకు గుడ్లు అంటిస్తుంది. అవి నీటిలోనే పది పన్నెండు రోజులకు పిల్లలవుతాయి, ఎండబెడితే చచ్చిపోతాయి. దోమ లార్వాను బాగా తింటుంది. మూత ఉన్న తొట్టెలో చక్కగా పెరుగుతుంది. కిల్లీఫిష్ పెంపకం కొత్తగా మొదలుపెట్టేవారికి ఇది మంచి ఆరంభం.

స్నేహితుడు ఒక చిన్న సంచిలో పీట్, అందులో గుడ్లు ఇచ్చాడు. చీటీ మీద ‘ఫర్జెరి, జీఆర్‌జెడ్’ అని, తేదీ ఉన్నాయి. నీళ్లు పోస్తే ఒక పదిహేను పిల్లలు వచ్చాయి. సగం పైగా అడుగునే పాకుతున్నాయి, పైకి ఈదడం లేదు. మిగతా గుడ్లు రాలేదు. ఏం పొరపాటు జరిగింది?
— పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

చీటీ మీది జీఆర్‌జెడ్ అంటే గోనరెజౌలో పట్టిన చేపల వంశం. మీరు చీటీ మీది తేదీని బట్టి నీళ్లు పోసి ఉంటారు. అందరూ ఇక్కడే తప్పుతారు. తేదీ ఒక అంచనా మాత్రమే. నీళ్లు పోయాలా వద్దా అన్నది గుడ్డును చూసి తేల్చాలి.

చిటికెడు పీట్‌ను తెల్ల పళ్లెంలో పరవండి. నగల పనివారు వాడే పదింతల లూప్ (చిన్న భూతద్దం) చాలు. గుడ్డు మిల్లీమీటరు పైచిలుకు ఉంటుంది, ఆవగింజ కంటే చిన్నది. గాజుపూసలా తేటగా, లోపల నూనె చుక్కలు మాత్రమే కనిపిస్తే అది ఇంకా మొదట్లో ఉన్నట్టు. లోపల వంపు తిరిగిన సన్నని గీత ఉంటే రెండో విరామం. నల్లటి కళ్లు రెండూ కనిపించి, ఒక్కో కన్ను చుట్టూ బంగారు రంగు వలయం మెరుస్తూ, పిండం గుడ్డంతా నిండిపోయి ఉంటే అది సిద్ధంగా ఉన్నట్టు. తెల్లగా పాలిపోయి, బూజు పట్టినది చచ్చిన గుడ్డు. దాన్ని సూదితో వెంటనే తీసేయాలి, లేకపోతే పక్క గుడ్లకూ బూజు పాకుతుంది. పళ్లెంలోని గుడ్లలో మూడొంతులకు బంగారు వలయం వచ్చే వరకూ నీళ్లు పోయవద్దు.

పోసేటప్పుడు నీరు చల్లగా ఉండాలి, 18 నుంచి 20 డిగ్రీలు. క్లోరిన్ లేని నీళ్లలో ఫ్రిజ్ నీళ్లు కొన్ని కలిపితే వస్తుంది. చల్లటి నీటిలో ప్రాణవాయువు ఎక్కువ కరుగుతుంది, పైగా అక్కడి తొలి వాన నీరూ చల్లనిదే. మూడు లీటర్ల వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో పీట్ పొడిపొడిగా విప్పి, నీరు మూడు నాలుగు సెంటీమీటర్ల లోతుకు మించకుండా పోయండి. మీరు ఎంత లోతు పోశారో రాయలేదు, కానీ అడుగున పాకే పిల్లల లక్షణం అదే చెబుతోంది. పుట్టిన మొదటి ఒకటి రెండు రోజుల్లో పిల్ల నీటి పైకి వచ్చి ఒక్క గుక్క గాలి మింగాలి. ఆ గాలితోనే ఈత సంచి నిండుతుంది. నీరు లోతైతే పైకి చేరలేదు. గుడ్డులో ఎక్కువ రోజులు కూర్చుని పచ్చసొన అయిపోయిన పిల్లకు బలం చాలదు. సమయం రాకముందే బయటపడిన పిల్లకూ అంతే. రెండు రోజులు దాటాక ఈత సంచి నిండదు, దానికి మందు లేదు. అలాంటివి గుడ్లు పెట్టే దాకా పెరగవచ్చు, కానీ సంతతికి వాడకండి.

ఆరోగ్యంగా ఉన్న పిల్లలు కొన్ని గంటల నుంచి ఒక రోజులోగా బయటపడతాయి. వలతో పట్టకండి, టీ చెంచాతో నీటితో సహా తీయండి. రెండో రోజు దాటాక రోజుకు రెండు సెంటీమీటర్ల చొప్పున నీరు పెంచుతూ, వేడిని 24 డిగ్రీలకు మెల్లగా తీసుకురండి.

పొదగని గుడ్లు చచ్చిపోలేదు. పీట్‌ను పల్చటి గుడ్డలో వడగట్టి, పిండి, మళ్లీ సంచిలో వేసి కొత్త తేదీ రాయండి. మూడు నాలుగు వారాలయ్యాక మళ్లీ పళ్లెంలో చూడండి. రెండోసారి, మూడోసారి తడిపినప్పుడు కూడా పిల్లలు వస్తూనే ఉంటాయి. బంగారు వలయం వచ్చి కూడా నీటిలో కదలని గుడ్లకు పాత పద్ధతి ఒకటుంది. చిటికెడు పొడి మేత నీటిలో వేస్తే, కుళ్లే బాక్టీరియా ప్రాణవాయువును తగ్గిస్తుంది. ఊపిరాడక పిల్ల పెంకును కరిగించే రసం వదులుతుంది. దీన్ని ఆఖరి దారిగానే వాడండి. పిల్లలు బయటపడగానే మంచి నీటిలోకి మార్చాలి.

పిల్లలకు మొదటి రోజు నుంచి ఏం పెట్టాలి? పొడి మేత ముట్టడం లేదు.
— పాఠకుడు, భీమవరం

కదిలేదే వాటికి తిండి. పుట్టిన రోజే ఆర్టీమియా (ఉప్పునీటిలో ఉండే రొయ్యలాంటి చిన్న జీవి) పిల్లను మింగగలవు కాబట్టి ఇన్‌ఫ్యూసోరియా అనే నీటి సూక్ష్మజీవులను పెంచే శ్రమ అక్కర్లేదు. మీరుండేది రొయ్యల సీమ, హేచరీలకు సామాను అమ్మే కొట్లలో ఆర్టీమియా గుడ్ల డబ్బాలు దొరుకుతాయి. తెరిచిన డబ్బాను గాలి చొరకుండా మూసి ఫ్రిజ్‌లో పెట్టండి. చెమ్మ తగిలితే పొదిగే శాతం పడిపోతుంది.

బోర్లించిన రెండు లీటర్ల సీసాలో లీటరు నీళ్లు, 25 గ్రాముల కల్లుప్పు, అర టీ చెంచా ఆర్టీమియా గుడ్లు వేసి, అడుగు నుంచి గాలి బుడగలు గట్టిగా పోనివ్వండి. 27, 28 డిగ్రీల దగ్గర, దీపం వెలుతురులో 24 గంటలకు పొదుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలి, నారింజ రంగు పిల్లలు అడుక్కి చేరతాయి. అడుగు నుంచి సన్నటి గొట్టంతో తీసి, చాయ వడపోత కంటే సన్నని గుడ్డలో మంచినీళ్లతో కడిగి వేయండి. పెంకులు మింగితే పిల్లల పేగు పట్టేస్తుంది.

రోజుకు రెండుసార్లు తప్పదు, మూడుసార్లు మేలు. తిన్న పిల్ల పొట్ట నారింజ రంగులో ఉబ్బి కనిపించాలి. ఒక గంట తర్వాత అడుగున పడి ఉన్న ఆర్టీమియాను పీల్చేయండి. మంచినీటిలో అది కొన్ని గంటల్లో చచ్చి నీటిని పాడుచేస్తుంది. ఇంత తిండికి నీరు త్వరగా చెడుతుంది కాబట్టి రోజు విడిచి రోజు మూడో వంతు నీరు మార్చాలి. ఇక్కడ బద్ధకిస్తే రెండో వారంలో పిల్లలు ఒక్కొక్కటిగా రాలిపోతాయి. చాలామంది దాన్ని రోగమనుకుంటారు.

రెండు వారాలకు గ్రిండల్ పురుగులు (సన్నని తెల్ల పురుగులు), తరిగిన బ్లడ్‌వార్మ్ (నీటిలో పెరిగే ఎర్రటి పురుగు) మొదలుపెట్టవచ్చు. నాలుగో వారానికి ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్ ముక్కలే ప్రధాన మేత అవుతుంది. మురుగు కాలవల్లో పట్టిన ట్యూబిఫెక్స్ పురుగుల జోలికి పోవద్దు, దాంతో పాటు రోగాలూ తొట్టెలోకి వస్తాయి. వారానికోసారి పిల్లలను సైజు ప్రకారం విడదీయండి. ఒకే రోజు పుట్టినవాటిలో పెద్దది చిన్నదాన్ని మింగేంత తేడా పది రోజుల్లోనే వస్తుంది.

నా చేపలు నాలుగు నెలలకే పోయాయి. మా బోరు నీళ్లు బాగా గట్టివి, టీడీఎస్ 600 దాకా ఉంటుంది. చివరి రోజుల్లో రెక్కలు ముడుచుకుని, ఒంటి మీద సన్నటి పొడి చల్లినట్టు కనిపించింది. నీటి దోషమా?
— పాఠకుడు, వరంగల్

గట్టి నీరు దోషం కాదు. ఈ చేపకు ఉప్పు శాతం, గట్టితనం కొంచెం ఉన్న నీరే మేలు. మరీ మెత్తటి ఆర్వో నీటిలోనే ఇది త్వరగా రోగాల పాలవుతుంది. మీ చేపలకు వచ్చింది వెల్వెట్ అనే పరాన్నజీవి రోగం. నోథోబ్రాంకియస్ జాతి చేపలన్నిటికీ ఇది మొదటి శత్రువు. గది చీకటి చేసి, టార్చి వెలుతురు చేప పక్క నుంచి వాలుగా పడేలా చూస్తే ఒంటి మీద పసుపు బంగారు ధూళి మెరుస్తుంది. ఎదురుగా లైటు వేస్తే కనబడదు, అందుకే ఆలస్యంగా పట్టుకుంటారు. అంతకు రెండు మూడు రోజుల ముందే చేప రెక్కలు ముడుస్తుంది, రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది, మొప్పలు వేగంగా ఆడిస్తుంది.

రాకుండా ఉండాలంటే లీటరుకు ఒక గ్రాము అయోడిన్ లేని ఉప్పు ఎప్పుడూ ఉంచండి. కనబడ్డాక ఒక రోజు వ్యవధిలో మూడు విడతలుగా లీటరుకు మూడు గ్రాములకు పెంచి, తొట్టెను నల్ల గుడ్డతో కప్పేయండి. ఈ పరాన్నజీవిలో పత్రహరితం ఉంటుంది, వెలుతురు లేకపోతే బలహీనపడుతుంది. రోజూ అడుగు పీల్చి, తీసినంత నీటికి సరిపడా ఉప్పు కలిపి పోయండి. పొడి పోయిందని మూడో రోజే ఆపేయకూడదు. చేప ఒంటి మీద నుంచి రాలిన తిత్తులు అడుగున చీలి మళ్లీ వందలుగా లేస్తాయి. రెండు వారాలు పట్టుబట్టాలి. రాగి మందులు పనిచేస్తాయి కానీ చిన్న పిల్లలకు ప్రమాదం, మోతాదు కొలిచే కిట్ లేకుండా వాడవద్దు.

ఇక నాలుగు నెలల సంగతి. మీ దగ్గర ఉన్నది జీఆర్‌జెడ్ అయితే, వెల్వెట్ రాకపోయినా అంతకు మించి పెద్దగా బతికేది కాదు. ప్రయోగశాలల్లో ఈ రకం మూడు నాలుగు నెలల్లోనే ముసలిదై పోతుంది. మొజాంబిక్ నుంచి తెచ్చిన రకాలు, ఉదాహరణకు ఎంజెడ్‌ఎం 04/10, ఆరు నెలలు దాటుతాయి. ముసలితనానికి, రోగానికి తేడా గమనించండి. ముసలి చేప రంగు వెలుస్తుంది, వెన్ను వంగుతుంది, పొట్ట లోపలికి పోతుంది, మేత చూసి కూడా నెమ్మదిగా కదులుతుంది. అన్నీ ఒకేసారి పడుకోవు. రోగమైతే వారంలో తొట్టె మొత్తం ముడుచుకుంటుంది.

ఆయుష్షును నిజంగా మార్చగలిగేది వేడి. 25 డిగ్రీల బదులు 22 దగ్గర ఉంచితే ఎక్కువ కాలం బతుకుతుందని 2006లో ప్రయోగపూర్వకంగా తేలింది. వరంగల్ ఎండలో మే నెలలో తొట్టె నీరు 32 దాటుతుంది. కాబట్టి గుడ్లను సెప్టెంబరు చివర్లో, అక్టోబరులో తడపండి. చేప పెద్దయ్యే కాలం, గుడ్లు పెట్టే కాలం చలి నెలల్లోకి వస్తాయి. ఎండాకాలమంతా మీ దగ్గర ఉండాల్సింది పీట్ సంచులే, చేపలు కాదు. వేసవిలో చేపలను కాపాడే ప్రయాస కంటే ఈ పద్ధతి ఎంతో హాయి, చేపకూ అదే సహజం.

గుడ్లు పెట్టించడం ఎలా? మొదటిసారి పెట్టించి పీట్ సంచిలో దాచాను. మూడు నెలలైనా కళ్లు రాలేదు. పీట్ మాస్ ఖరీదు, కోకోపీట్ వాడవచ్చా?
— పాఠకురాలు, విశాఖపట్నం (ఇదే ప్రశ్న బెంగళూరు, పుణె నుంచి కూడా వచ్చింది)

ముందు జత సంగతి. పాతిక లీటర్ల తొట్టెలో ఒక మగ, రెండు మూడు ఆడ చేపలు. రెండు మగవి ఉంటే కొట్లాటలో ఒకటి చిక్కిపోతుంది. ఒక్క ఆడదే ఉంటే మగది దాన్ని ఊపిరి తీసుకోనివ్వదు. స్పాంజ్ ఫిల్టరు మెల్లగా ఆడేలా పెట్టండి. దాక్కోవడానికి జావా మాస్ అనే నీటి నాచు గుత్తి వేయండి. మూత మాత్రం ఖాళీ లేకుండా ఉండాలి, ఎగిరి దూకుతాయి.

గుడ్లు పెట్టేందుకు అర లీటరు ఐస్‌క్రీమ్ డబ్బా తీసుకుని, మూతకు ఐదారు సెంటీమీటర్ల కన్నం కోసి, లోపల మూడు సెంటీమీటర్ల మందాన పీట్ పరవండి. తేలకుండా ముందు అరగంట ఉడకబెట్టి, చల్లార్చి, మూడు నాలుగు నీళ్లు మార్చి కడగాలి. మగది డబ్బా మీద కాపు కాస్తుంది. ఆడది లోపలికి దిగితే మగది పక్కన చేరి, వీపు రెక్కను దాని మీద దుప్పటిలా కప్పి అడుగుకు నొక్కుతుంది. ఇద్దరూ ఒక్క క్షణం వణుకుతారు. ఒక గుడ్డు పీట్‌లోకి దిగుతుంది. ఒక్కో కలయికకు ఒక్క గుడ్డే. బాగా తిండి పెట్టిన ఆడది రోజుకు ఇరవై నుంచి యాభై దాకా పెడుతుంది.

గుడ్లు లెక్కపెట్టి దాచాలనుకునేవారు పీట్ బదులు సన్న ఇసుక వాడాలి. ఇసుకను ముందే అర మిల్లీమీటరు జల్లెడలో జల్లించి, కిందికి దిగినదే డబ్బాలో వేయండి. తర్వాత అదే జల్లెడలో నీళ్లతో పోస్తే ఇసుక జారిపోయి గుడ్లు మిగులుతాయి. వాటిని తడి కోకోపీట్ మీద వరసగా పేర్చి మూత పెట్టవచ్చు. చచ్చినవి ఏరేయడం తేలిక. పరిశోధకులు పరిశోధనశాలల్లో కొబ్బరి పీచుపొట్టు మీదే గుడ్లు పొదిగిస్తారు. కాబట్టి మీ కోకోపీట్ ప్రశ్నకు జవాబు అవును. అయితే దుకాణంలో కొన్న ఇటుకలో ఉప్పు ఉంటుంది. నానబెట్టిన నీరు రంగు తేరే దాకా కడిగి, ఉడకబెట్టి, మళ్లీ కడగాలి. ఎరువు కలిపిన తోటల కోకోపీట్ కొనవద్దు.

వారానికోసారి డబ్బా బయటికి తీసి, పీట్‌ను గుడ్డలో పోసి పిండండి. గట్టిగా పిండితే గుడ్లు చితుకుతాయేమో అని భయం అక్కర్లేదు. పెట్టిన రోజు గడిస్తే పెంకు గట్టిపడుతుంది, పిడికిట్లో నొక్కినా ఏమీ కాదు. ఎంత తడి ఉండాలన్నదే అసలు ప్రశ్న. పిడికిట నొక్కితే చుక్క కారకూడదు, కానీ అరచేతికి చెమ్మ తగలాలి. వార్తాపత్రిక మీద రెండు మూడు గంటలు ఆరబెడితే ఆ స్థితికి వస్తుంది. తడి ఎక్కువైతే గాలి ఆడక గుడ్లు మొదటి విరామంలోనే ఆగిపోతాయి, బూజు పడుతుంది. పొడి అయితే గుడ్డు ఒక పక్క సొట్ట పడుతుంది. సొట్ట లేతగా ఉన్నప్పుడే నీటి తుంపర చల్లితే కోలుకుంటుంది, ముడుచుకుపోతే లాభం లేదు. పాలిథీన్ సంచిలో సగం గాలి ఉంచి కట్టండి. రెండు వారాలకోసారి విప్పి, పీట్ కదిపి, మళ్లీ కట్టండి.

మీ గుడ్లు మూడు నెలలైనా తేటగా ఉన్నాయంటే చెడిపోలేదు, విరామంలో ఉన్నాయి. రెండు కారణాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి పైన చెప్పిన తడి. రెండోది వేడి చాలకపోవడం. 22, 23 డిగ్రీల దగ్గర, చీకటి అలమరలో ఉంచిన గుడ్లు దీర్ఘనిద్రలోకి వెళతాయి. 27, 28 డిగ్రీల దగ్గర చాలా గుడ్లు రెండో విరామాన్ని దాటేసి ఒకటిన్నర, రెండు నెలల్లో కళ్లు తెచ్చుకుంటాయి. విశాఖ ఎండాకాలంలో గదిలోనే ఆ వేడి ఉంటుంది, చలికాలంలో ఫ్రిజ్ పైన పెట్టండి. సంచి విప్పి, పీట్ కొంచెం ఆరబెట్టి, వెచ్చటి చోటికి మార్చి నెల ఆగండి. అప్పటికీ కొన్ని తేటగానే మిగిలితే పారేయవద్దు. కుంటలో తొలి వానను నమ్మని గుడ్లు అవే. వచ్చే ఏడాదికి ఉంచుకోండి.

ఇంత చిన్న చేప మీద ప్రపంచమంతా పరిశోధనలు ఎందుకు చేస్తోంది?
— విద్యార్థిని, తిరుపతి

ప్రయోగశాలలో పెంచగలిగే వెన్నెముక జీవుల్లో ఇంత త్వరగా ముసలిదయ్యేది మరొకటి లేదు. ఎలుకలో మూడేళ్లు పట్టే మార్పులు ఇందులో నాలుగైదు నెలల్లో చూడవచ్చు. దీని జన్యుక్రమం 2015లో వెలువడింది. 2017లో లేత వయసు చేపల పేగు బాక్టీరియాను నడివయసు చేపలకు ఎక్కిస్తే వాటి ఆయుష్షు పెరిగింది. 2018లో మొజాంబిక్ కుంటల్లో పట్టిన చేపలను పరిశీలించి, పొదిగిన 14 రోజులకే గుడ్లు పెట్టే వయసుకు వస్తున్నాయని చూపించారు. ఇంట్లో తొట్టెలో నెల పడుతుంది, కుంటలో తిండీ వేడీ అంత ఎక్కువ. రెండో విరామంలో ఉన్న పిండాన్ని నెలల తర్వాత లేపినా, ఆ నిద్ర కాలం దాని తర్వాతి ఎదుగుదలనూ ఆయుష్షునూ తగ్గించదని 2020లో తేలింది. మా దృష్టిలో దీన్ని మించిన విశేషం లేదు. రేపు జీవశాస్త్రం చదవబోయే మీరు అక్కడి నుంచి మొదలుపెట్టండి.

గప్పీలతో కలిపి పెంచవచ్చా? రెండు రకాల నోథోలను (నోథోబ్రాంకియస్ చేపలను) ఒకే తొట్టెలో ఉంచవచ్చా?
— పాఠకుడు, ఖమ్మం

గప్పీల పిల్లలను తినేస్తాయి, మగ గప్పీ తోకను కొరుకుతాయి. వద్దు. రెండు నోథో రకాలు అసలే వద్దు. మగవి రంగులతో వేరుగా కనిపిస్తాయి కానీ ఆడవన్నీ దాదాపు ఒకే గోధుమ రంగు. ఒక్కసారి కలిస్తే ఏది ఏదో చెప్పడం ఎవరి వల్లా కాదు.

మా ఊరి చెరువులో దోమల కోసం వదలవచ్చా?
— పాఠకుడు, కరీంనగర్ జిల్లా

వదలకండి. అది చచ్చిపోతే మీ శ్రమ వృథా, బతికితే చెరువుకు కీడు. దోమల కోసమని 1928లో గంబూసియా అనే విదేశీ చేపను మన దేశానికి తెచ్చారు. అది ఈ రోజుకీ మన చిన్న చేపల పిల్లలనూ గుడ్లనూ తింటూనే ఉంది. చెరువులో దోమలకు పైన తెనాలి పాఠకురాలు రాసిన ప్యాంచాక్స్ ఉండనే ఉంది, అది మన నీటి బిడ్డ. వాడేసిన పీట్‌ను కూడా కాలవలోనో పెరట్లోనో పారబోయకుండా, మరిగే నీళ్లు పోసి పారేయండి. పీట్‌లో కంటికి కనిపించని గుడ్లు మిగిలే ఉంటాయి.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఎర్ర తోక రకం గుడ్లు పంపుతానంటున్నాడు. మా దగ్గరున్న పసుపు తోక వాటితో కలిపితే కొత్త రంగులు వస్తాయా? చీటీ మీద అంకెలేమిటి?
— పాఠకుడు, విజయవాడ

విదేశాల నుంచి బతికిన చేపలు గానీ గుడ్లు గానీ తెప్పించాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. కవరులో పెట్టి పంపడం సరికాదు. మీ అబ్బాయికి ఆసక్తి ఉంటే అక్కడే పెంచుకోమనండి. 1961లో మొదలైన అమెరికన్ కిల్లీఫిష్ అసోసియేషన్ ఇప్పటికీ పనిచేస్తోంది, సభ్యుల మధ్య గుడ్లు మారతాయి.

కలపడం మాత్రం వద్దు. చీటీ మీది అక్షరాలు, అంకెలు ఆ చేప తాతముత్తాతలను పట్టిన చోటికి గుర్తు. జీఆర్‌జెడ్ అంటే గోనరెజౌ. ఎంజెడ్‌ఎం అంటే మొజాంబిక్, 04 అంటే 2004లో పట్టినవి, చివరి అంకె ఆ కుంట సంఖ్య. ఒక్కో ప్రాంతపు చేపలు ఆయుష్షులోనూ రంగులోనూ వేరు వేరు. కుంట పూడిపోతే ఆ వంశం మిగిలేది పెంచేవారి తొట్టెల్లోనే. ఎవరికైనా సంచి ఇచ్చేటప్పుడు చేప పేరు, ఈ గుర్తు పూర్తిగా, గుడ్లు తీసిన తేదీ, దాచిన వేడి, ఇప్పటికి ఎన్నిసార్లు తడిపారో పెన్సిలుతో రాసి సంచి లోపల ఒకటి, బయట ఒకటి పెట్టండి. పెన్ను సిరా చెమ్మకు కరిగిపోతుంది.